నియత్తు: బెంగళూరు తెలుగిళ్ళలో బతుకుతున్న ఒక మాట

బెంగళూరు చిక్కపేటలో చీరల దుకాణాలకు రాత్రి ఎనిమిదిన్నర దాటితే గల్లా లెక్క చూసే వేళ. తెల్లటి పరుపుల మీద విప్పి పరిచిన చీరలన్నీ మడతపడి అరల్లోకి వెళ్ళిపోతాయి. షట్టర్ సగం దించుతారు. దుకాణం తెలుగు కుటుంబానిదైతే ఆ లెక్క తెలుగులోనే నడుస్తుంది, మధ్యలో కన్నడ అంకెలు దొర్లుతుంటాయి. ఇరవై ఏళ్ళుగా ఆ గల్లా దగ్గరే కూర్చుంటున్న గుమాస్తా ఎలాంటివాడో కొత్తగా వ్యాపారంలోకి వచ్చిన అల్లుడికి చెప్పాల్సి వస్తే, పెద్దాయన నోట వచ్చే మాట ఒక్కటే: "ఆయన నియత్తు మనిషి, బాబూ."

ఆ ఒక్క మాటలో రెండు సంగతులున్నాయి. లెక్కలో పైసా తేడా రాదనేది ఒకటి. పక్క దుకాణం వాళ్ళు జీతం ఎక్కువిస్తామని పిలిచినా, ఈ గడప దాటలేదనేది రెండోది. మొదటిది నిజాయితీ, రెండోది విశ్వాసం. గుంటూరులోనో రాజమండ్రిలోనో పుట్టి పెరిగిన తెలుగువాడు ఈ రెంటికీ రెండు మాటలు వాడతాడు. బెంగళూరులో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళకు, కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళకు మాత్రం ఒక్క మాట సరిపోతుంది. అది కన్నడం నుంచి వచ్చిందని వాళ్ళకు తెలుసు. అయినా పరాయి మాటలా తోచదు. "బేజారుగా ఉంది" అన్నంత సులువుగా "వాడికి నియత్తు లేదు" అంటారు.

రెండు అర్థాలున్నాయి కదా, ఇది స్పష్టత లేని మాట అనుకోవడం తొందరపాటే. ఆ రెండు అర్థాలూ ఒకే మొదలు నుంచి వచ్చిన కొమ్మలు. అది తెలియాలంటే ముందు మాటను కాస్త పరీక్షించి చూడాలి.

పరీక్షకు కుక్క చాలు. "కుక్కకు విశ్వాసం ఎక్కువ" అంటే తెలుగులో ఎవరికైనా అర్థమవుతుంది. "కుక్కకు నిజాయితీ ఎక్కువ" అంటే వినడానికే వింతగా ఉంటుంది. నిజాయితీకి అబద్ధం చెప్పగలిగిన నోరు, దొంగలెక్క రాయగలిగిన చెయ్యి ఉండాలి. ఉండి కూడా ఆ పని చెయ్యకపోవాలి. ఇప్పుడు కుక్కను వదిలి లెక్కల పుస్తకం తీసుకుందాం. "లెక్క నిజాయితీగా రాశాడు" బాగుంది. "లెక్క విశ్వాసంగా రాశాడు" అని ఎవరూ అనరు. ఈ రెండు చోట్లా నియత్తును పెట్టి చూస్తే రెండూ నిలబడతాయి. "నాయిగిరో నియత్తు మనుష్యరిగిల్ల", అంటే కుక్కకున్న నియత్తు మనుషులకు లేదని కన్నడంలో రోజూ వినిపించే మాట. బెంగళూరు తెలుగిళ్ళలో అదే "కుక్కకున్న నియత్తు వీడికి లేదు" అవుతుంది. "నియత్తుగా లెక్క చెప్పు" అని కూడా అదే నోట అంటారు. రెండు పరీక్షలూ దాటే మాట తెలుగులో ఇంకోటి వెతికితే దొరకడం కష్టం.

విశ్వాసం అనే మాటకు ఇంకో తిరకాసు ఉంది. "నాకు ఆయన మీద విశ్వాసం ఉంది" అన్నప్పుడు విశ్వాసం నమ్మినవాడి దగ్గర ఉంది. "ఆయనకు విశ్వాసం ఉంది" అన్నప్పుడు నమ్మించుకున్నవాడి దగ్గర ఉంది. అవిశ్వాస తీర్మానంలో ఉన్నది మొదటి రకం, ఉప్పు తిన్న విశ్వాసంలో ఉన్నది రెండో రకం. చర్చిలో విశ్వాసులంటే నమ్మేవాళ్ళు, ఇంటి ముందు విశ్వాసమైన కుక్క అంటే నమ్మదగినది. నమ్మకం కూడా అంతే: "నమ్మకం ఉంది" అంటే ఒక దిక్కు, "నమ్మకమైన మనిషి" అంటే ఇంకో దిక్కు. సంస్కృతంలో విశ్వాసం పుట్టింది శ్వాస నుంచే. భయం లేకుండా, నిశ్చింతగా ఊపిరి తీసుకోవడం దాని మొదటి తలపు. అందుకే అది ముందు నమ్మేవాడి మాట. నమ్మేవాడికి అలాంటి ఊపిరినిచ్చే గుణానికి కూడా తర్వాత అదే పేరు పెట్టుకున్నాం.

నియత్తుకు ఈ తిరకాసు లేదు. అది ఎప్పుడూ నమ్మించుకున్నవాడి దగ్గరే ఉంటుంది. "నాకు నీ మీద నియత్తు ఉంది" అంటే నేను నిన్ను నమ్ముతున్నానని కాదు, నీ విషయంలో నేను తప్పు చెయ్యనని. గుణం ఎవరిదో అన్నదాంట్లో సందేహం రాదు.

ఇంతకీ ఈ మాట ఎక్కడిది? మూలం అరబ్బీలోని నియ్యత్. దాని అర్థం ఉద్దేశం, సంకల్పం. నమాజుకు నిలబడే ముందు, రోజా (ఉపవాసం) పట్టే ముందు మనసులో చేసుకునే సంకల్పాన్ని ముస్లింలు నియ్యత్ అంటారు. చేసిన పని విలువ దాని వెనకున్న సంకల్పాన్ని బట్టే ఉంటుందన్నది ఇస్లాం సంప్రదాయంలో చాలా మౌలికమైన సూత్రం. అక్కడి నుంచి ఫార్సీ మీదుగా దక్కను ప్రాంతపు ఉర్దూ అయిన దక్కనీకి, దక్కనీ నుంచి కన్నడానికి వచ్చింది. చివరన ఇలా హల్లుతో ఆగిపోయే మాటను కన్నడం, తెలుగు అలా వదిలెయ్యవు. తకారాన్ని ఒత్తి, ఉకారం తగిలించి సొంతం చేసుకుంటాయి. కస్రత్ మనకు కసరత్తు అయింది, మరమ్మత్ మరమ్మత్తు అయింది. అదే దారిలో నియ్యత్ కన్నడంలో నియత్తు అయింది.

దారి ఇలా సాగడం వెనక ఊరి చరిత్ర ఉంది. 1537లో మొదటి కెంపేగౌడ కట్టించిన బెంగళూరు కోట 1638లో బీజాపూర్ సుల్తానుల సైన్యానికి దక్కింది. రణదుల్లా ఖాన్ నడిపిన ఆ దండయాత్ర తర్వాత ఊరు శివాజీ తండ్రి షాహాజీకి జాగీరుగా వెళ్ళింది. ఆ తర్వాత 1687లో కొన్నాళ్ళు మొగలుల చేతికి, వాళ్ళ నుంచి మైసూరు ఒడెయర్లకు వచ్చింది. ఇంకో డెబ్బై ఏళ్ళకు హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ల కాలం. ఇన్ని చేతులు మారినా కచేరీలో ఫార్సీ, మరాఠీ మాటలు మాత్రం అలాగే నిలిచాయి. తాలూకా, అమల్దారు, శిరస్తేదారు, దరఖాస్తు, పహాణీ, ఖాతా అన్నీ ఆ కొలువుల దారినే వచ్చాయి. ఇవాళ బెంగళూరులో ఫ్లాట్ కొనేవాడికి దాని ఆస్తి పన్ను రికార్డు 'ఎ' ఖాతానా, 'బి' ఖాతానా అన్న టెన్షన్ పెట్టే మాట కూడా ఆ బాపతుదే. ఐతే ఇవన్నీ కాగితాల మాటలు. నియత్తు మాత్రం కాగితాల మీద ఉండే మాట కాదు. బజారు, లష్కరు, గుర్రపుశాల, వంటిల్లు, ఇలా పక్కపక్కన బతికిన మనుషుల మధ్య చేతులు మారింది.

చేతులు మారేటప్పుడే అర్థం కూడా మారింది. హిందీ, ఉర్దూల్లో నీయత్ మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. అక్కడ "నీయత్ ఖరాబ్" అంటారు, "బద్‌నీయత్" అంటారు. అంటే మాట తటస్థం, పక్కన ఒక విశేషణం పడితేగాని మంచిచెడ్డలు తేలవు. తెలంగాణ తెలుగులోనూ "వాని నియ్యత్ మంచిగ లేదు" అన్నప్పుడు ఆ పాత వాసన మిగిలే ఉంది. బెంగళూరులో ఆ వాక్యం లేదు. ఇక్కడ "నియత్తు మంచిగా లేదు" అనరు, "నియత్తు లేదు" అంటారు. ఒకచోట ఉద్దేశం అందరికీ ఉంటుంది, అది ఎలాంటిదన్నదే ప్రశ్న. ఇంకోచోట ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉంటే మంచిదే. చెడ్డ ఉద్దేశానికి నియత్తు అనే పేరే దక్కదు.

ఇలా తటస్థమైన మాట మంచివైపు ఒరిగిపోవడం తెలుగుకు బాగా అలవాటైన సంగతే. లక్షణమంటే గుర్తు మాత్రమే, కానీ "లక్షణమైన పిల్ల" అంటే చక్కనిదని. రుచి చేదుకూ ఉంటుంది, అయినా "కూర రుచిగా ఉంది" అంటే బాగుందనే. బుద్ధి మంచిదీ చెడ్డదీ ఉంటుంది, "నీకు బుద్ధి ఉందా?" అని కోప్పడినప్పుడు మాత్రం అది మంచి బుద్ధే. నియత్తు కూడా ఈ వరసలోదే. "ఉద్దేశం ఉన్నవాడు" అన్నది ఒరిగి ఒరిగి "సరైన ఉద్దేశం ఉన్నవాడు" అయింది.

రెండర్థాల ముడి ఇక్కడ విడిపోతుంది. లోపలి ఉద్దేశం సరిగ్గా ఉన్న మనిషి లెక్క రాస్తే అది నిజాయితీ అవుతుంది. అదే మనిషి ఒకరిని నమ్ముకుని ఉంటే అది విశ్వాసం అవుతుంది. పైకి కనపడే పనులు రెండు, లోపలున్నది ఒకటే. కన్నడం, దాని వెంట బెంగళూరు తెలుగు, పనికి కాక లోపలున్నదానికి పేరు పెట్టుకున్నాయి. అందుకే ఎవరూ చూడని చోటుతో ఈ మాటకు విడదీయలేని సంబంధం. ఆటోలో మరిచిపోయిన బ్యాగును వెతుక్కుంటూ వచ్చి ఇచ్చిన డ్రైవర్‌ను "ఎంత నియత్తు చూడు" అని మెచ్చుకుంటారు. అతను వీళ్ళ ఉప్పు తిన్నవాడు కాదు, మళ్ళీ కనపడతాడో లేదో కూడా తెలియదు. కానీ ఒక పావుగంట పాటు ఆ బ్యాగు అతని చేతిలో ఒంటరిగా ఉంది. ఆ పావుగంటలో అతను ఏం చేశాడన్నదే నియత్తు.

నిజం అనే మాటకు కూడా ఇలాంటి లోపలి కథే ఉంది. సంస్కృతంలో నిజ అంటే తనది, సొంతం. హిందీలో నిజీ అంటే ఇప్పటికీ సొంత, ప్రైవేటు అనే. తెలుగు, కన్నడం, తమిళం మాత్రం సొంతమైనదాన్ని అసలైనదిగా, అసలైనదాన్ని సత్యంగా చేసుకున్నాయి. నిజరూపం అంటే సొంత రూపం, అంటే అసలు రూపం, అంటే నిజమైన రూపం, అలా. ఇంగ్లీషులో ట్రూ దారి ఇంకోటి. పాత ఇంగ్లీషులో దానికి మొదట నమ్మకంగా అంటిపెట్టుకుని ఉండేది అనే అర్థం, సత్యం అన్న అర్థం తర్వాత వచ్చింది. జర్మన్‌లో దాని తోబుట్టువు ట్రోయ్‌కు నేటికీ విశ్వాసం గల అనే అర్థమే. సత్యాన్ని, విశ్వాసాన్ని ఒకే ఒరలో పెట్టింది బెంగళూరు ఒక్కటే కాదన్నమాట.

ఇంట్లో ఈ మాట తరచుగా జంటగా వస్తుంది. "నీతి నియత్తు లేని మనిషి" అనేది కన్నడంలోనూ, ఇక్కడి తెలుగులోనూ స్థిరపడిన తిట్టు. నకారాలు రెండూ కలిసి చెవికి ఇంపుగా పడటంతో సంస్కృతం మాట, అరబ్బీ మాట తోడుగా నిలిచాయి. ఈ తోడు వల్లనే కాబోలు, నియత్తు కూడా నియమం, నియతి లాంటి సంస్కృత పదాల చుట్టమే అనుకునేవాళ్ళున్నారు. పోలిక చెవికే, వేరు వేరే. నియతి అంటే విధి, కట్టుబాటు. అది బయటి నుంచి పడేది. నియత్తు లోపలి నుంచి వచ్చేది.

కన్నడ బడుల్లో చదువుకునే తెలుగు పిల్లలకు దీని పక్కనే ఇంకో చిక్కు ఎదురవుతుంది. కన్నడ పుస్తకభాషలో నిజాయితీని ప్రామాణికతె అంటారు, నిజాయితీపరుణ్ణి ప్రామాణిక వ్యక్తి అంటారు. తెలుగులో ప్రామాణికం అంటే ప్రమాణంగా తీసుకోదగినది: ప్రామాణిక గ్రంథం, ప్రామాణిక భాష. "మా తాతయ్య చాలా ప్రామాణికంగా బతికారు" అని ఒక పిల్ల తెలుగులో రాస్తే చదివేవాడు తికమకపడతాడు. "నియత్తుగా బతికారు" అంటే ఏ తికమకా ఉండదు. పుస్తకాల మాట దారి తప్పించిన చోట ఇంటి మాటే దారి చూపించింది.

విశ్వాసాన్ని తిండితో ముడిపెట్టడంలో మాత్రం ఈ ప్రాంతపు భాషలన్నీ ఒక్కటే. "ఉప్పిట్టవరన్న ముప్పినవరెగూ నెనె" అంటుంది కన్నడం, ఉప్పు పెట్టినవాళ్ళను ముసలితనం వచ్చేదాకా తలుచుకొమ్మని. "ఉప్పిట్టవరై ఉళ్ళళవుం నినై" అంటుంది తమిళం, ప్రాణమున్నంత వరకూ అని ఇంకొంచెం గడువు పెంచి. దక్కనీలో నమక్ హరామ్ ఉండనే ఉంది. మనం తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటాం, కన్నడిగులు ఉండ మనె జంతె ఎణిసోదు అంటారు. ఉండ అంటే తిన్న, జంతె అంటే వాసం. రెండు భాషలవాళ్ళూ అన్నం తిని వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ చెడు ఆలోచన చేసే అదే మనిషిని చూశారు. నియత్తు లేకపోవడానికి ఇంతకంటే మంచి బొమ్మ గీయడం కష్టం. వాడు ఇంకా ఏమీ చెయ్యలేదు, లెక్కపెడుతున్నాడంతే. చెడింది ఉద్దేశం.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఈ సామెతలన్నిట్లోనూ ఉప్పు పెట్టేవాడు పైన, తినేవాడు కింద. నియత్తు వాడుకలోనూ ఆ వాలు కనపడుతుంది. ఇంట్లో పనిచేసే ఆవిడకు నియత్తు ఉందంటారు: "పన్నెండేళ్ళ నుంచి వస్తోంది, బీరువా తాళాలు చేతికిచ్చినా దిగుల్లేదు." ఆవిడకు జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే జీతంలో కోత పెట్టిన యజమానురాలి నియత్తు గురించి ఆ హాల్లో ఎవరూ మాట్లాడరు. డ్రైవర్‌కు, వాచ్‌మన్‌కు, గుమాస్తాకు, కుక్కకు ఉండాల్సిన గుణంగా మాత్రమే చూస్తే ఈ మాటకు అన్యాయం చేసినట్టే. దాని మూలంలో సంకల్పం రాజుకూ ఒకటే, కూలీకీ ఒకటే. కింది నుంచి పైకి కూడా ఈ మాట వాడేవాళ్ళున్నారు, వినే ఓపిక ఉండాలి. బయటి జిల్లాల నుంచి వచ్చి అపార్ట్‌మెంట్ల పునాదుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీలు, శనివారం కూలి బట్వాడా ఎగ్గొట్టిన మేస్త్రీ గురించి ఏమంటారో వినండి. "వాడికి నియత్తు లేదు" అనే అంటారు. ఆ వాక్యంలో నియత్తు అంటే విధేయత కాదు. చేసిన పనికి ఇస్తానన్న డబ్బు ఇవ్వడం. మాటకున్న పూర్తి బరువు అక్కడే తెలుస్తుంది.

ఉద్యోగాల ఊరు కాబట్టి ఇంకో ప్రశ్న సహజంగా వస్తుంది. మూడేళ్ళకోసారి కంపెనీ మారేవాడికి నియత్తు ఉన్నట్టా, లేనట్టా? పాత చిక్కపేట లెక్కలో లేనట్టే. ఒక గడప, ఒక గల్లా, ఒక జన్మ. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు బస్సులెక్కే తెలుగువాళ్ళ ఇళ్ళలో అర్థం మెల్లగా జరుగుతోంది. నోటీస్ పీరియడ్‌లో కూడా చివరి రోజు వరకూ పని సరిగ్గా చేసి, తన తర్వాత వచ్చినవాడికి అన్నీ నేర్పి వెళ్ళినవాణ్ణి "ఉన్నన్నాళ్ళూ నియత్తుగా చేశాడు" అంటారు. సీటుకు అతుక్కుని, పని ఎగ్గొట్టి, పైవాళ్ళ ముందు తలూపేవాణ్ణి అలా అనరు. లాయల్టీ అంటే ఉండిపోవడం. నియత్తు అంటే ఉన్నంతసేపూ సరిగ్గా ఉండటం. వదిలి వెళ్ళిపోయేవాడికి కూడా నియత్తు ఉండగలగడం ఈ మాటలోని గొప్ప వెసులుబాటు. మూలం ఉద్దేశం కావడం వల్లే అది సాధ్యమైంది.

వాడుకలో కొన్ని జాగ్రత్తలున్నాయి. దరఖాస్తులోనో, కోర్టు కాగితంలోనో, పత్రికకు రాసే ఉత్తరంలోనో నియత్తు పనికిరాదు, అక్కడ నిజాయితీ అనే రాయాలి. ఇది నోటి మాట. ఈమధ్యే ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పుడు నియత్తు అంటే నియమం అనుకునే ప్రమాదం ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళైతే వెంటనే పట్టుకుంటారు. మూడోది ముఖ్యమైంది. ఒకరి ముఖం మీద "నీకు నియత్తుందా?" అని అడగడం చిన్న మాట కాదు. "అబద్ధం చెప్పావు" అంటే ఒక పనిని తప్పుపట్టినట్టు, సర్దుకోవచ్చు. "నియత్తు లేదు" అంటే మనిషినే కొట్టిపారేసినట్టు. పాలివాళ్ళ మధ్య, వ్యాపారంలో భాగస్వాముల మధ్య ఈ మాట ఒకసారి పడ్డాక మళ్ళీ ఒక గల్లా దగ్గర కూర్చోవడం కష్టం.

ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇప్పుడు ఈ చోట "జెన్యూన్" అంటున్నారు. "ఆ అంకుల్ చాలా జెన్యూన్" అంటే నియత్తుకు దగ్గరగానే ఉంటుంది. నటన లేదు, మోసం లేదు, సరే. కానీ ఒకరిని అంటిపెట్టుకుని ఉండే అర్థం దాంట్లో రాదు. కుక్క పరీక్ష దగ్గర అది ఆగిపోతుంది. జయనగర్‌లో, మల్లేశ్వరంలో సాయంత్రం పూట కుక్కలను నడిపించే తెలుగు పిల్లలు ఉన్నారు. సిట్, స్టే, కమ్ అంటూ కుక్కతో మాట్లాడేదంతా ఇంగ్లీషులోనే. తాతగారు ఊరెళ్ళిన వారం రోజులూ అది గేటు దగ్గరే పడుకుని, పెట్టిన అన్నం ముట్టలేదని అమ్మమ్మ పక్కింటావిడకు చెబుతుంటే, ఆ పిల్లలే మధ్యలో అందుకుంటారు: "దానికి చాలా నియత్తు, ఆంటీ."